మంచు, వడగండ్లు, తుఫాను: కొన్ని మాటల అర్థ విచారణ

తెలుగు వార్తాపత్రికలు చదివేవారికి ‘మంచు తుఫాను’ అనే జంటమాట కొత్తది కాదు. అమెరికాలోనో, ఐరోపాలోనో, కాశ్మీరులోనో దారులు మూసుకుపోయి విమానాలు నిలిచిపోయినప్పుడల్లా అది మొదటి పేజీకి వస్తుంది. ఈ జంటలో మొదటి పదం అచ్చ తెలుగు. రెండవది అరబీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన ఊళ్ళలోకి నడిచి వచ్చింది. చిత్రమేమంటే, మన భాషలో మంచు అనగానే మనసుకు తట్టేది ఆ తుఫానులో కురిసేది కాదు. అరబీలో తూఫాన్ అనగానే తట్టేది అందులో వీచేది కాదు. అయినా రెండూ కలిసి ఒక కొత్త అర్థాన్ని ఇస్తున్నాయి. వాడుక భాష ఇలాంటి పనులు చేస్తూనే ఉంటుంది, అడ్డు చెప్పడానికి మనమెవరము? కాని దివ్య ఖుర్ఆన్ ఆయత్‌లను, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి దుఆలను తెలుగులోకి తెచ్చేవాడు మాత్రం ఇక్కడ కాసేపు ఆగక తప్పదు. చలికి, గాలికి, ఆకాశం నుండి పడేవాటికి సంబంధించిన పదాలు వాటిలో ఒకటి రెండు కావు. పదం జారితే అర్థం జారుతుంది. అర్థం జారితే, ఆ అనువాదం మీదనే ఆధారపడిన పాఠకుడు తన తప్పు లేకుండానే తప్పు గ్రహిస్తాడు.

మొదట మన మాటనే చూద్దాం. మార్గశిర పుష్యమాసాలలో తెల్లవారుజామున గడ్డిపోచల మీద నిలిచే నీటిబొట్లు మంచు. అదే వేళ శామీర్‌పేట చెరువు మీద తెల్లగా లేచి, కరీంనగర్ రహదారి మీద లారీల దీపాలను మింగివేసేది కూడా మంచే. మరీ స్పష్టంగా చెప్పాలంటే పొగమంచు అంటాము. హిమాలయ శిఖరాల మీద పేరుకున్నది మంచు. షర్బత్‌లో వేసేది మంచుగడ్డ, లేదా ఐసుగడ్డ. లంబసింగిని ‘ఆంధ్రా కాశ్మీర్’ అని పిలుస్తారు. అక్కడికి మంచు చూడాలని వెళ్ళేవారు చూసి వచ్చేది చాలావరకు పొగమంచునే, ఎముకలు కొరికే ఉదయాలలో మాత్రం ఆకుల అంచున గడ్డకట్టిన నీటి పొడిని. సంస్కృతం సాయం తెచ్చుకుందామా అంటే, అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నింటినీ ఒకే గంపలో వేసింది. ఉర్దూ కూడా గట్టెక్కించదు. దానిలో ‘బర్ఫ్’ అంటే కొండ మీద కురిసినదీ, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలుగా కట్టినదీ రెండూ.

ఇది భాషకు లోపమని నేననను. ఏ ప్రజలకు ఏది నిత్యం కావాలో దానికే మాటలు విడివిడిగా పుడతాయి. మేముండే తూంకుంట పేరే చూడండి. అందులో తూము ఉంది, కుంట ఉంది. కుంట వేరు, చెరువు వేరు. కట్ట వేరు, తూము వేరు, మత్తడి వేరు. ఒకటి మరొకటని పొరబడితే పొలానికి నీరు పారదు. నీటిని నిలిపి వాడుకోవడంలో ఇన్ని మాటలున్న తెలంగాణకు, ఎన్నడూ కురవని హిమానికి ప్రత్యేకమైన మాట లేకపోవడంలో వింత లేదు. హైదరాబాదులో వాతావరణ శాఖ లెక్కలలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. నీరు గడ్డకట్టే స్థాయికి ఇంకా ఆరు డిగ్రీల ఎగువన ఉన్నామన్నమాట.

కాని ఆకాశం నుండి పడే గడ్డలు మనకు తెలియనివి కావు. వాటికి మనకు సొంత మాట ఉంది: వడగండ్లు. ఈ పదంలో రెండవ భాగం ‘కల్లు’, అనగా రాయి. ఓరుగల్లును ఏకశిలానగరం అనడంలో ఉన్న కల్లు ఇదే. ఇల్లు ఇండ్లయినట్లు, ముల్లు ముండ్లయినట్లు వడగల్లు వడగండ్లయింది. తెలంగాణ పల్లెలలో ఇంకా సూటిగా ‘రాళ్ళవాన’ అంటారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, దానితో తరువాత పని ఉంది.

వడగండ్లు చలికాలంలో పడవు, ఎండలు ముదిరే ఫాల్గుణ, చైత్ర, వైశాఖాలలో పడతాయి. ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. కారణం ఇది. ఆ నెలలలో నేల బాగా కాగుతుంది. సముద్రం వైపు నుండి తేమ గాలి లోనికి వస్తుంది. పైన మాత్రం గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. కిందిది వేడి, పైది చల్లన అయినప్పుడు తేమగాలి బాణంలా పైకి లేస్తుంది. మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు గోపురంలా పెరుగుతుంది. మన ప్రాంతంలో ఆ రోజులలో సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత సున్నాకు దిగిపోతుంది. అక్కడి నీటిబొట్లు సున్నా కంటే చల్లబడి కూడా గడ్డకట్టకుండా తేలుతూ ఉంటాయి. వాటి మధ్యకు ఒక చిన్న గడ్డ వచ్చిందంటే అవి దానికి తాకి అక్కడికక్కడే అంటుకొని గడ్డకడతాయి. పైకి లేచే గాలి దానిని మోయగలిగినంత కాలం అది పెరుగుతూనే ఉంటుంది, మోయలేనప్పుడు పడుతుంది. పెద్ద వడగల్లును కోసి చూస్తే ఉల్లిగడ్డలో వలె తెల్లని పొర, స్పష్టమైన పొర ఒకదాని మీద ఒకటి కనబడతాయి.

హిమం పుట్టుక వేరు. అది గాలిలోని ఆవిరి నీటిగా మారకుండానే నేరుగా ఆరు కోణాల స్ఫటికంగా కట్టుకోవడం వల్ల పుడుతుంది, దూదిపింజెలా దిగుతుంది. నేల వరకు గాలి చల్లగా ఉంటేనే హిమంగా చేరుతుంది, లేకపోతే దారిలో కరిగి వాన అవుతుంది. కనుక తూంకుంట మీద కురిసే పెద్దవానలో ఎంతో భాగం పైన హిమంగా ఉండి కరిగినదే. మన తలల మీద హిమం లేకపోలేదు, మన వరకు రావడం లేదంతే. వడగల్లు బరువు వల్ల, వేగం వల్ల కరిగేలోగా నేలను చేరుకుంటుంది. హిమరేణువు సెకనుకు ఒక మీటరు చొప్పున నింపాదిగా దిగితే, నిమ్మకాయంత వడగల్లు గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో దూకుతుంది. ఈ తేడా తెలిసినవాడు రెండింటికీ ఒకే మాట వాడలేడు.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో వడగండ్లు కురిసి నేలంతా తెల్లగా కప్పివేసినప్పుడు, ఆ దృశ్యాలు చూసినవారు ‘తెలంగాణలో కాశ్మీర్’ అన్నారు. పిల్లలు గుప్పిళ్ళతో ఎత్తి చల్లుకున్నారు. పొలం ఉన్నవాడు ఆ తెలుపును వేరుగా చూశాడు. ఆ మార్చి వానలకు, రాళ్ళకు రాష్ట్రంలో రెండు లక్షల ఎకరాలకు పైగా పంట పోయింది. ఆనాటి ప్రభుత్వం ఎకరాకు పదివేల రూపాయల సాయం ప్రకటించింది. మక్కజొన్న పడిపోయింది, మామిడి పిందె రాలిపోయింది. మా మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పెట్టింది పేరు. ‘అనాబె షాహి’ అనే ఆ పెద్ద గుత్తుల పేరులోనే ఖుర్ఆన్‌లో ద్రాక్షకు వచ్చే ‘ఇనబ్’ పదం ఉంది. ఆ తోటలు పండే కాలమూ, రాళ్ళు పడే కాలమూ ఒకటే. పందిరి మీద పది నిముషాల రాళ్ళవాన ఏమి చేస్తుందో ఆనాటి రైతులు వివరించనవసరం లేకుండా ఎరుగుదురు.

ఇటువంటి పొరపాటే అరబ్బు దేశం విషయంలోనూ జరిగింది. 2024 నవంబరులో సౌదీ ఉత్తర ప్రాంతమైన అల్‌జౌఫ్‌లో ఎడారి తెల్లబడినప్పుడు ప్రపంచ పత్రికలు చాలా ‘ఎడారిలో హిమపాతం’ అని శీర్షికలు పెట్టాయి. ఇసుక మీద పరచుకున్నది ఎక్కువగా వడగండ్లు. తెల్లగా కనబడినదల్లా హిమం కాదు.

ఇక ఖుర్ఆన్ పదానికి వద్దాం. అరబీలో హిమానికి ‘సల్జ్’ అని, వడగండ్లకు ‘బరద్’ అని వేర్వేరు పదాలు. సల్జ్ అనే పదం ఖుర్ఆన్‌లో లేదు. బరద్ ఒకే ఒక్కచోట, సూరె నూర్ 43వ ఆయత్‌లో వచ్చింది. అల్లాహ్ మేఘాలను మెల్లగా తోలుతాడని, వాటిని కలిపి, ఒకదానిపై ఒకటి పేర్చి కుప్పగా చేస్తాడని, వాటి నడుమ నుండి వాన వెలువడుతుందని, ఆకాశంలో ఉన్న పర్వతాల నుండి బరద్‌ను దింపుతాడని, దానిని తాను కోరినవారిపై పడనిస్తాడని, కోరినవారి నుండి మళ్ళిస్తాడని, దాని మెరుపు చూపును హరించేటంత పని చేస్తుందని ఆ ఆయత్ భావం. ఇక్కడ ‘మంచు’ అని రాస్తే ఏమవుతుంది? మెరుపుకు, మంచుకు పొత్తు కుదరదు. పుష్యమాసపు మంచులో ఎవరైనా మెరుపు చూశారా? ఒకరి పొలాన్ని కొట్టి, గట్టుకు అవతలి పొలాన్ని వదలివేసే స్వభావమూ మంచుది కాదు. పొగమంచు ఊరంతటినీ సమంగా కప్పుతుంది. రాళ్ళవాన మాత్రం ఒక సన్నని పట్టీగా పోతుంది. ఈ పక్క ధ్వంసమైతే ఆ పక్క చినుకు ఉండదు. ‘వడగండ్లు’ అని రాసినప్పుడే పేర్చిన మేఘం, మెరుపు, కొందరిపై పడి కొందరిని వదలడం అన్నీ ఒకే దృశ్యంలో ఇమిడిపోతాయి.

మా తూంకుంటలో ఒక పఠన సమావేశంలో ఈ ఆయత్ అనువాదం చదువుతుండగా ఒక పెద్దాయన, “అయ్యా, ఆకాశంలో పర్వతాలేమిటి?” అని అడిగారు. ఇది కొత్త ప్రశ్న కాదు. వ్యాఖ్యాతలు వెయ్యేళ్ళ క్రితమే దీనిని చర్చించారు. ఇమామ్ రాజీ (మరణం హి. 606) రెండు అభిప్రాయాలను పేర్కొన్నారు: ఆకాశంలో నిజంగానే వడగండ్ల పర్వతాలు సృష్టించబడి ఉన్నాయనేది ఒకటి, పర్వతాలంతేసి మేఘాలనే పర్వతాలన్నారనేది మరొకటి. వ్యాకరణవేత్తలు ఆ వాక్యంలో మూడుసార్లు వచ్చిన ‘మిన్’ అనే అవ్యయాన్ని విడదీసి చూపారు: మొదటిది ఎక్కడి నుండి అనే ఆరంభాన్ని, రెండవది కొంతభాగమనే అర్థాన్ని, మూడవది ఏ వస్తువనే వివరణను తెలుపుతుందని. తెలుగులో ఈ మూడింటికీ ‘నుండి’ అని రాస్తే వాక్యం మూడుచోట్ల తడబడుతుంది. ఆ పెద్దాయనకు నేను ఇంత వ్యాకరణం చెప్పలేదు. వైశాఖంలో సాయంత్రం నాలుగింటికి ఆకాశం వైపు నిలిచే మబ్బును చూడమన్నాను.

ఇప్పుడు ‘రాళ్ళవాన’ దగ్గరకు మళ్ళీ వద్దాం. లూత్ (అలైహిస్సలాం) జాతిపై రాళ్ళు కురిపించబడ్డాయని ఖుర్ఆన్ పలుచోట్ల చెప్పింది. సూరె హూద్ 82వ ఆయత్‌లో అవి ‘సిజ్జీల్’ రాళ్ళు, అంటే కాలి గట్టిపడిన మట్టి రాళ్ళు. సూరె జారియాత్‌లో నేరుగా మట్టి రాళ్ళనే ఉంది. అనువాదకుడు క్లుప్తత కోసం ‘వారిపై రాళ్ళవాన కురిపించాము’ అని రాశాడనుకోండి. కృష్ణా, గుంటూరు జిల్లాల పాఠకుడికి అది సరిగానే అందవచ్చు. సిద్దిపేట పాఠకుడు మాత్రం దానిని వడగండ్లవాన అని చదువుతాడు, ఎందుకంటే అతని ఇంట ఆ మాటకు అదే అర్థం. కాలిన మట్టి రాయి స్థానంలో కరిగిపోయే మంచుగడ్డ వచ్చి కూర్చుంటుంది. ఒక ప్రాంతపు వాడుక మరొక ప్రాంతంలో అర్థాన్ని తలక్రిందులు చేయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కనుక ఇక్కడ ‘కాల్చిన మట్టిరాళ్ళను వారిపై కురిపించాము’ అని రాయడమే క్షేమం. వాక్యం కొంత పొడుగైతే కానివ్వండి. ‘హాసిబ్’ అనే మరో పదం ఉంది: గులకరాళ్ళను ఎగరవేసి కొట్టే పెనుగాలి. దానినీ వడగండ్లవానతో కలపరాదు.

అన్నట్టు, అచ్చుపనిలోనూ ఈ పదానికి కష్టాలు తప్పలేదు. ఒక ముద్రణాలయం వారు నా వ్యాసంలో ‘బరద్’ను మూడుచోట్ల ‘బురద’ చేశారు. వారికి తెలిసిన మాట అది, ఏం చేస్తారు!

తుఫాను సంగతి ఇంకా రసవత్తరమైనది. ఖుర్ఆన్‌లో ‘తూఫాన్’ రెండుసార్లు వచ్చింది: ఫిరౌను జాతిపై వచ్చిన ఆపదల వరుసలో (సూరె ఆరాఫ్, 133), నూహ్ (అలైహిస్సలాం) జాతి మునిగిపోయిన సందర్భంలో (సూరె అన్కబూత్, 14). రాగిబ్ ఇస్‌ఫహానీ తన ముఫ్రదాత్‌లో ఈ పదాన్ని చుట్టూ తిరగడం అనే ధాతువు కింద పెట్టి, మనిషిని అన్ని వైపులా చుట్టుముట్టే ఆపద ఏదైనా తూఫానే అని, నూహ్ జాతిని చుట్టుముట్టినది నీరు కాబట్టి అపారమైన నీటికి ఆ పేరు స్థిరపడిందని వివరించారు. గాలి ప్రసక్తి లేదు. ఫారసీ, ఉర్దూలలోకి వచ్చాక అందులో గాలి చొరబడింది. తెలుగులోకి వచ్చేసరికి గాలిదే పెత్తనం అయింది. ఇప్పుడు ‘నూహ్ కాలపు తుఫాను’ అని రాస్తే కోస్తా పాఠకుడి కళ్ళముందు కూలిన కొబ్బరిచెట్లు, ఎగిరిపోయిన రేకులు కదులుతాయి. నిజానికి 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది గాలికంటే ఎక్కువగా నీరు. దానికి మన వారి మాట ‘ఉప్పెన’. అరబీ తూఫాన్ పాత అర్థానికి మన తుఫాను కంటే మన ఉప్పెన దగ్గర! సముద్రపు వాసన మరీ ఎక్కువగా ఉండడం వల్ల ఆయత్‌లో దానిని వాడడానికి నేను వెనుకాడతాను గాని, ‘జలప్రళయం’ అని రాసేవారిని తప్పుపట్టలేను. తూఫాన్‌కు తుఫాను అని రాయడం మాత్రం, ఒకే ముఖం ఉన్న ఇద్దరిని ఒకరే అనుకోవడం వంటిది.

అందుచేత ‘మంచు తుఫాను’ అనేది ఉర్దూ ‘బర్ఫానీ తూఫాన్’కు తోడబుట్టినది. ఇంగ్లీషువారి ‘బ్లిజ్జర్డ్’ చరిత్రా ఇలాంటిదే. ఆ మాట అమెరికాలో మొదట దెబ్బకు, తుపాకి పేలుళ్ళకు వాడారు. 1870లో అయోవా రాష్ట్రపు ఒక చిన్న పత్రిక దానిని హిమపు పెనుగాలికి అంటగట్టింది, అంతే, అది అక్కడే ఉండిపోయింది. అమెరికా వాతావరణ శాఖ ఇప్పుడు దానికి కొలత పెట్టింది: గంటకు 35 మైళ్ళు లేదా ఆపైన గాలి, పావుమైలుకు మించి కంటికి కనబడకపోవడం, ఈ రెండూ మూడు గంటలైనా కొనసాగడం. గమనించండి, ఇంత హిమం కురవాలని ఎక్కడా లేదు. నేలమీద ఉన్నదే లేచి కళ్ళను కప్పినా అది బ్లిజ్జర్డే. మనం మంచు అనేదానిని ముందుపెట్టాము. వారు గాలినీ, చూపు పోవడాన్నీ ముందుపెట్టారు.

ఈ తేడా నిఘంటువులోనే ఉండిపోయేది కాదు. 2022 డిసెంబరులో అమెరికాలోని బఫలో నగరం, దాని చుట్టుపక్కల నలభైమందికి పైగా మరణించారు. కొందరు కార్లలో చిక్కుకొని పోయారు, కొందరు వీధిలో, కొందరు వేడి లేని ఇళ్ళలో. అదే ఏడాది జనవరిలో పాకిస్తాన్‌లోని మరీ కొండల దారిలో ఇరవైమందికి పైగా యాత్రికులు తమ కార్లలోనే ప్రాణాలు విడిచారు. హిమంలో కూరుకుపోయిన కారులో వేడి కోసం ఇంజను నడిపితే విషవాయువు లోపలికే వస్తుందని చాలామందికి తెలియదు. అదే డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద అడుగుపెట్టి, పలక విరిగి ముగ్గురు భారతీయులు మునిగిపోయారు. మన పిల్లలు చికాగోకు, టొరంటోకు చదువులకు పోతున్నారు. కురిసినది, గడ్డకట్టినది, నీటిమీద పలకలా పరచుకున్నది అన్నింటికీ వారు ఇంటినుండి తీసుకుపోయేది ఒక్క ‘మంచు’ మాటే. కాలు జారే నల్లని పలకనూ, మడమ వరకు దిగబడే మెత్తని తెలుపునూ వారు అక్కడికి వెళ్ళి వేరుచేసి నేర్చుకోవలసి వస్తోంది.

వడగండ్లను ఆటవస్తువుగా చూసేవారికి మరో సంగతి. న్యూయార్కు చరిత్రలో ప్రసిద్ధమైన హిమతుఫాను 1888 మార్చిలో వచ్చింది, నాలుగు వందల మందికి పైగా పోయారు. అదే సంవత్సరం ఏప్రిల్ 30న మన దేశంలో మొరాదాబాద్ వద్ద వడగండ్లు పడి 246 మంది మరణించారు. వడగండ్ల వల్ల ఒకేసారి ఇంతమంది పోవడం నమోదైన చరిత్రలో మరెక్కడా లేదని ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో ప్రకటించింది. 1986 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడిన వడగల్లు ఒకటి కిలోకు పైగా తూగింది. మనవి వేడి దేశాలు కనుక ఆకాశపు చలి మనకు హాని చేయదనుకోవడం పొరపాటు.

ఇంతటి హాని చేసే వస్తువే మన దుఆలో పరిశుద్ధి సాధనంగా రావడం చూస్తే, తొలిసారి అర్థం తెలుసుకున్న పాఠకుడు విస్తుపోవడం సహజం. నమాజు ఆరంభంలో ప్రవక్త మహనీయులు (స) చేసిన దుఆ ఒకటి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో అబూ హురైరా (రజి) గారి ఉల్లేఖనంతో ఉంది. తన పాపాలను నీటితో, సల్జ్‌తో, బరద్‌తో కడిగివేయమని అందులో వేడుకోలు ఉంది. ఔఫ్ బిన్ మాలిక్ (రజి) గారి ఉల్లేఖనం ప్రకారం జనాజా నమాజులోనూ మృతుని కోసం ఇవే మూడు వస్తువులతో ప్రార్థన ఉంది. ఖబరు దగ్గర నిలబడిన కొడుకు తన తండ్రి కోసం ఏమి అడిగాడో తెలుగులో తెలుసుకోగోరినప్పుడు ఏ మాట అందించాలి? ‘మంచు’ అంటే అతనికి గడ్డిమీది తేమ గుర్తుకొస్తుంది, దానితో ఏం కడుగుతారు? ‘మంచుగడ్డ’ అంటే వేసవిలో పార్థివ శరీరం కింద పెట్టే ఐసు దిమ్మె గుర్తుకొస్తుంది. ఆ సమయంలో అంతకంటే అనుచితమైన మాట లేదు. ఆలోచించి నేను ‘హిమం’ అని రాస్తున్నాను. అది మనవాళ్ళు రోజూ వాడే మాట కాదు. కాని అందుకే దానికి ఏ చెడ్డ సంబంధమూ అంటుకోలేదు. చదివినవాడికి తెల్లదనం, ఎత్తు, స్వచ్ఛత స్ఫురిస్తాయి.

నీరు ఒక్కటి చాలదా, పైగా మురికి వదలడానికి వేడినీళ్ళు కదా మంచివి అని ప్రశ్న. ఖత్తాబీ (మరణం హి. 388) చెప్పిన సమాధానాన్ని ఇబ్ను హజర్ తన బుఖారీ వ్యాఖ్యానంలో ఉదహరించారు: హిమం, వడగండ్లు చేతులు తాకని, వాడకంలోకి రాని నీరు, శుద్ధిని నొక్కి చెప్పడానికి వాటిని పేర్కొన్నారని. పాపం అగ్నికి దారితీసేది గనుక దానిని వేడిగా భావించి చల్లనివాటితో ఆర్పమని కోరడం ఉందని మరికొందరు అన్నారు. ఈ రెండవ వివరణ తెలుగువారికి చెప్పనక్కరలేదు. ‘నీ కడుపు చల్లగా’ అని దీవించే జాతి మనది. కోరిక తీరితే ‘ప్రాణం చల్లబడింది’ అంటాము. అరబీలోనూ మనసు కుదుటపడడానికి రొమ్ము సల్జ్ అయిందంటారు, ప్రియమైన సంతానాన్ని కంటి చలువ అంటారు. చలి దేశాలవారు ఆదరాన్ని వెచ్చదనంతో పోలుస్తారు. ఈ ఒక్క విషయంలో అరబీ నుండి తెలుగుకు దారి ఇంగ్లీషు మీదుగా పోయేదానికంటే ఎంతో దగ్గర.

మరొక మాట. మదీనాలో హిమం కురవదు. ఆ దుఆను తొలుత విన్నవారిలో అనేకులు సల్జ్‌ను షామ్ వర్తకుల నోట వినివుంటారు గాని చూసి ఉండరు. వడగండ్లను మాత్రం హిజాజ్‌లో చూసేవారే. అంటే మన స్థితికీ వారి స్థితికీ పెద్ద దూరం లేదు.

సూరె ఆలె ఇమ్రాన్ 117లో వచ్చే ‘సిర్ర్’ పని మరింత కష్టం. తమకు తాము అన్యాయం చేసుకున్నవారి పైరును నాశనం చేసే గాలిలో ఆ సిర్ర్ ఉంటుంది. ఇబ్ను అబ్బాస్ (రజి) మొదలైనవారు దానికి తీవ్రమైన చలి అని అర్థం చెప్పారు. అగ్ని అన్న అభిప్రాయమూ ముజాహిద్ నుండి ఉంది. ‘చలిగాలి’ అని రాస్తే మన రైతు నవ్వుతాడు, సంక్రాంతి చలిగాలికి శనగ బాగా పండుతుంది కదా! అందుకని ‘పైరును మాడ్చివేసే కరకు చలి’ అంటాను. గడ్డకట్టించే చలికి తగిలిన ఆకు నిజంగా కాలినట్లే నల్లబడుతుంది. రెండు అభిప్రాయాలూ పొలంలో ఒకేలా కనబడతాయన్నమాట. సర్సర్, జమ్‌హరీర్ పదాలకు నేను అసలు పదాన్నే ఉంచి పక్కన వివరణ ఇస్తాను.

ఫిఖ్హ్‌లోనూ ఈ భేదానికి ఫలితం ఉంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం తయమ్ముం భూమి జాతికి చెందిన వస్తువు మీదనే చెల్లుతుంది. హిమం, మంచుగడ్డ నీటి జాతివి కనుక చెల్లదు. ఇమామ్ మాలిక్ గారి నుండి సల్జ్ మీద తయమ్ముంకు అనుమతి ఉల్లేఖించబడింది. వుజూ విషయంలో హిమాన్ని అవయవం మీద రుద్దినప్పుడు అది కరిగి నీరు పారితే కడిగినట్లే లెక్క. అనువాదకుడు సల్జ్‌కు ‘మంచు’ అని రాసి ఊరుకుంటే, శీతకాలపు ప్రయాణంలో తడిసిన గడ్డిమీద చేయి రాసుకుంటే చాలునేమో అని ఎవరైనా అనుకోవచ్చు.

చివరగా నన్ను అన్నింటికంటే ఎక్కువ రోజులు ఆపిన మాట. అరబీ నిఘంటువులు బరద్‌కు ‘హబ్బుల్ గమామ్’ అని మరో పేరు చెబుతాయి, అంటే మబ్బు గింజలు. తిర్మిజీ గారి షమాయిల్‌లో హింద్ బిన్ అబీ హాలా (రజి) ప్రవక్త మహనీయుల (స) చిరునవ్వును వర్ణిస్తూ, అందులో మెరిసే దంతాలను ఈ మాటతోనే పోల్చారు. ‘వడగండ్ల వంటి పళ్ళు’ అని తెలుగులో రాసి చూడండి! పంట పోయిన రైతు చదవలేడు, ఇతరులకు నవ్వు వస్తుంది. ‘ముత్యాల వంటి’ అని మార్చితే మన చెవికి ఇంపుగా ఉంటుంది, కాని అది ఆ సహాబీ చెప్పిన మాట కాదు. ముత్యంలో ఆ చల్లదనమూ, ఆ క్షణంలో ఆకాశం నుండి రాలిన తాజాదనమూ లేవు. నేను ‘మబ్బు రాల్చిన తెల్లని గింజల వంటి’ అని రాసి, అడుగున ఒక్క పంక్తిలో, అరబ్బులు వడగండ్లను ఇలా పిలిచేవారని తెలిపాను.